తుమ్మ బిరడా

పడవ కనపడటం మానేసినా చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. చప్పుడు వస్తున్నంతసేపూ ఫరవాలేదు అనుకున్నాడు ఎలీయాజరు. గట్టు మీద బోర్లించిన విరిగిపోయిన తాటిదోనె మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక చెవిని కొల్లేటి వైపు తిప్పి పెట్టుకున్నాడు. మామూలు ఇంజను చప్పుడు కాదది. మామూలు ఇంజను కొడుతుంది, దడదడమని, గుండెలాగా. ఇది కొట్టదు, ఝుమ్మంటుంది, జోరీగని సీసాలో పెట్టి మూత బిగించినట్టు. దీని లోపల పిస్టన్లు లేవు. మూడు మూలల ఇనప దిమ్మలు రెండు, పక్కపక్కన, రుబ్బురోట్లో పొత్రంలా తిరుగుతూ ఉంటాయి. గాలిని బలవంతాన తోసే టర్బో కూడా లేదు. తన ఊపిరి తానే పీల్చుకునే ఇంజను. ఆ ఊపిరి గొట్టాలనే, మేనిఫోల్డునే, పొద్దున అతను విప్పి వేరేది బిగించాడు. ఆ గొట్టాల కింద, తల వంచి చూస్తేగాని కనపడనిచోట, బొటనవేలంత తుమ్మచెక్క బిరడా ఒకటి దిగ్గొట్టాడు. ఆ సంగతి ఈ గట్టు మీద అతనికి తప్ప ఎవరికీ తెలీదు. ఆ పడవలో వెళ్ళిన అతని కూతురు విక్టోరియాకీ తెలీదు.

అడగకుండా ఎక్కి వెళ్ళిపోయి ఉంటే వేరు. అడిగింది. మందుల సంచీ భుజానికి తగిలించుకుని, ప్యాంటు పిక్కల దాకా మడిచి, నీళ్ళలో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి అడిగింది. "నాన్నా, వెళ్ళచ్చా?" అతను తలూపాడు. అంతే జరిగింది. మెడ ఒకసారి కిందికీ ఒకసారి పైకీ వెళ్ళింది. ఆ రెంటి మధ్యా ఎంత చోటుందో, ఎన్ని మాటలు పట్టేవో ఇప్పుడు కనపడుతోంది. అమ్మా, ఇది ట్రయలుకి పెట్టింది. అమ్మా, నీళ్ళ దారికి చెక్క కొట్టాను. అమ్మా, రెండు క్యాన్లు నీళ్ళు వేసుకెళ్ళండి, వేడి ముల్లు చూస్తూ ఉండండి, గడ ఒకటి పెట్టుకోండి. గడ అతని కాళ్ళ దగ్గరే పడుంది. పొడుగాటి వెదురు గడ. పడవ నడిపే కుర్రాడు దుర్గాసాయి ఒడ్డు నుంచి నెట్టడానికి దాన్ని వాడి, ఇంజను అందుకోగానే ఇక దీంతో పనేముందని గట్టు మీదకి విసిరేశాడు. దాని తడి కూడా ఇంకా ఆరలేదు. ఇంజను ఆగిపోతే వాళ్ళ దగ్గర చేతులు తప్ప ఏమీ లేవు.

కొల్లేరు ఈసారి ఎక్కడ ఆగాలో మర్చిపోయింది. పైన కురిసిన వానంతా వాగుల వెంట వచ్చి ఇందులో పడి, లంకలకు వెళ్ళే రోడ్డుని మింగేసి, చేపల చెరువుల గట్లు మింగేసి, కరెంటు స్తంభాల నడుం దాకా ఎక్కి కూర్చుంది. నీటి మీద చాపలు పరిచినట్టు గుర్రపుడెక్క. మామూలు మోటారు పడవ అందులోకి వెళితే నీళ్ళలో తిరిగే రెక్కకి తీగలన్నీ చుట్టుకుని పీక నొక్కేస్తాయి. అందుకే ఫణికిరణ్ చేయించిన ఫ్యాను పడవ. ఉండి దగ్గర చెరువులున్న కుటుంబం అతనిది, యంత్రాల పిచ్చి. పళ్ళెంలాంటి ఇనప పడవ, దాని వెనక మనిషెత్తు ఫ్యాను, ఆ ఫ్యానుని తిప్పడానికి జపాను నుంచి తుక్కుగా వచ్చిన కారులోని ఈ రోటరీ ఇంజను. నీళ్ళలో మునిగే భాగమేదీ లేదు, గుర్రపుడెక్క మీద నుంచి జారుకుంటూ పోతుంది. చెరువులకి మేత వెయ్యడానికి సరదాగా చేయించుకున్నాడు. వరదొచ్చాక అదే లంకల వాళ్ళకి దిక్కయింది. ఒక రాత్రి గట్టు తెగి పడవ సగం మునిగింది. ఇంజను బతికింది గాని, పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్క చూసే కంప్యూటరు పెట్టె నీళ్ళు తాగి చచ్చిపోయింది. అది లేకపోతే ఆ మేనిఫోల్డుతో పని జరగదు. పాత పద్ధతిలో కార్బురేటరు పెట్టాలి, దానికి వేరే మేనిఫోల్డు కావాలి. అది తాడేపల్లిగూడెంలో, రైలు కట్ట పక్కన, ఎలీయాజరు షెడ్డులో అటక మీద ఉంది. ఎప్పుడో చెన్నై తుక్కులో దొరికితే అందంగా ఉందని తెచ్చుకున్నాడు. నాలుగు గొట్టాలు, వంగిన నాలుగు మెడలు, బాతుల్లా.

"మీరు రావాలండీ మేస్త్రీ గారూ, ఇంకెవరి వల్లా కాదండీ," అన్నాడు ఫణికిరణ్ ఫోనులో. ఎలీయాజరు ఊఁ అన్నాడు. ఆదివారం తెల్లవారుతూనే మేనిఫోల్డుని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. పక్క సీటులో ముసలమ్మ తొంగి చూసి, పసిబిడ్డనుకుని, "ఎన్నో నెలండీ?" అంది. దానికీ తలూపాడు. ఆవిడ తువ్వాలు మీద చెయ్యేసి నిమిరి, "చల్లగా ఉందేటండీ బిడ్డ," అని కంగారు పడింది. అప్పుడు కూడా నవ్వలేదు, చెప్పలేదు. కిటికీలోంచి నీళ్ళు నిలిచిన చేలు చూస్తూ కూర్చున్నాడు. కైకరం దాటాక గుర్తొచ్చింది, మరలు కోసే ట్యాపు షెడ్డులో కిరసనాయిలు డబ్బాలో నానేసి అక్కడే వదిలేశానని.

ఆ ట్యాపుతోనే ఉంది పనంతా. పాత మేనిఫోల్డులోకి ఇంజను లోంచి వేడినీళ్ళు వచ్చి పోయే దారి ఒకటి ఉంది. కొత్తదానికి ఆ దారి లేదు. దాని అంచు ఇంజను మీది ఆ నీళ్ళ బెజ్జాన్ని పూర్తిగా కప్పదు, నెలవంకలా కాస్త బయటికి వదిలేస్తుంది. అందుకని బెజ్జానికి మరలు కోసి ఇత్తడి బిరడా బిగించాలి. ఇత్తడి బిరడా జేబులోనే ఉంది, ఇప్పుడు కూడా తొడకి గుచ్చుకుంటోంది. మరలు కోసేది లేదు. దిగి వెనక్కి వెళ్ళొచ్చు. ఏలూరు చేరాక ఫణికిరణ్‌కి ఒక్క మాట చెబితే మోటారు సైకిలు మీద మనిషిని పంపేవాడు, నవ్వి, రెండు జోకులేసి, పంపేవాడు. ఆ రెండు జోకులే అడ్డమొచ్చాయా? ఇంత దూరం పిలిపించుకున్న మేస్త్రి చేతి సామాను మర్చిపోయాడు అనిపించుకోవడం అడ్డమొచ్చిందా? కాదు, అంత కూడా ఆలోచించలేదు. నోరు తెరవడానికి బద్ధకం. వేరే వాళ్ళకి ఒళ్ళు బద్ధకం ఉంటుంది, అతనికి నోరు బద్ధకం. రత్నకుమారి అనేది, మీ మెడలో స్ప్రింగుందండీ, ఎవరేమడిగినా అది ఊగుతుంది, మీకు సంబంధం లేదు, అని.

రత్నం. చర్చిలో పెళ్ళినాడు పాదిరిగారు అడిగారు, ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా అని. తలూపాడు. పాదిరిగారు కళ్ళజోడు కిందికి జార్చి, "నోటితో చెప్పు ఎలీయాజరూ, దేవుడికి వినపడాలి," అన్నారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. అప్పుడు చెప్పాడు, అవునండీ అని. ముసుగులోంచి రత్నం భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు. నవ్వుతోంది. పెంటపాడు బియ్యపు మిల్లులో ఇంజను చూసే పని అప్పుడు. మిల్లు చప్పుడులో ఎవరూ మాట్లాడుకోరు, తలలూపుకుంటారు, చేతులూపుకుంటారు. అక్కడే అలవాటైంది అనుకునేవాడు. కాదు. అంతకు ముందే మిషను బడిలో, మూడో తరగతిలో, పంతులమ్మ భాగహారం చెప్పి "అర్థమైందా?" అంటే తలూపాడు. అర్థం కాలేదు. మర్నాడు బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు, నిలబడ్డాడు, చేతిలో చెమటకి సుద్ద మెత్తబడేదాకా నిలబడ్డాడు. ఆ మర్నాటి నుంచి బడి వైపు వెళ్ళలేదు. నాన్నతో పాటు దోనెలు బాగుచెయ్యడానికి ఈ కొల్లేటి గట్ల వెంటే తిరిగాడు.

చప్పుడు ఏదీ?

ఉంది. సన్నగా. జమ్ము దుబ్బుల అవతల నుంచి వస్తోంది కాబట్టి సన్నగా ఉంది. లంక చేరడానికి ఇంకా సగం దారి. లంకలో ఇందు అనే పిల్లకి నెలలు నిండాయి, పొద్దున నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. పెద్ద బోటు వేరే ఊరి వాళ్ళని తేవడానికి వెళ్ళింది. దోనె మీద వెళితే వెళ్ళి రావడానికి పొద్దు వాలుతుంది. అందుకని లంకల నర్సు పరుగెత్తుకుంటూ ఈ గట్టు మీదకి వచ్చింది, ఫ్యాను పడవ బాగైందేమో అని. ఆ నర్సు విక్టోరియా అని అతనికి తెలీదు. అత్తిలి నుంచి ఈ వైపు బదిలీ వేశారని ఎవరో అన్నారు గాని సరిగ్గా ఇక్కడికేనని తెలీదు. ఇంజనులో మోచేతుల దాకా పెట్టి ఆఖరి నట్టు బిగిస్తుంటే గట్టు మీద చెప్పుల చప్పుడు, ఆ నడక చప్పుడు, మడమ కాస్త ఈడ్చినట్టుండే నడక, వాళ్ళమ్మది. తలెత్తలేదు. ఆమె కూడా ఆగిపోయింది. మధ్యలో ఫణికిరణ్, ఏమీ తెలియనివాడు, "మా మేస్త్రీ గారండీ సిస్టరు గారూ, మాట్లాడితే టాక్సు కట్టాలనుకుంటారండీ, మా ఆవిడ గాయత్రి అయితే పాపం మూగాయనేమో అనుకుందండీ," అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె పడవ దాకా వచ్చి, నీళ్ళలో కాలు పెట్టి, అప్పుడు అంది ఆ మాట. నాన్నా.

వాళ్ళమ్మని మట్టి చేసిన రోజు తరవాత ఆ మాట అతని చెవిన పడలేదు.

మట్టి చేసిన రోజున కూడా అడిగింది. సమాధుల దొడ్లో, జనమంతా వెళ్ళిపోయాక, చేతికి అంటిన మట్టి దులుపుకోకుండా నిలబడి అడిగింది. "డాక్టరు మీకు ముందే చెప్పాడా?" తలూపాడు. జీవితంలో నిజంగా ఊపిన తల అదొక్కటేనేమో. డాక్టరు చెప్పాడు. ఏలూరు ఆసుపత్రిలో పక్కకి పిలిచి, నల్లటి ఫిల్ము వెలుతురుకి పెట్టి, ఊపిరితిత్తి ఇలా అయిపోయిందండీ, ఎక్కువ రోజులు లేవు, ఆవిడకి చెప్పండి, మీ అమ్మాయి నర్సంటున్నారుగా, పిలిపించండి, చెబుతారా, అన్నాడు. తలూపాడు. బయట బల్ల మీద రత్నం ప్లాస్టిక్ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఏమన్నారండీ? మామూలు దగ్గేనా?" తలూపాడు. ఆవిడ నమ్మింది. లేక నమ్మినట్టుంది. బస్టాండుకి నడుస్తూ, వచ్చే ఏడు చర్చికి కొత్త చాపలు వెయ్యాలండీ, అంది, వచ్చే ఏడు అంది. ఫోనులో విక్టోరియా అడిగితే తలూపడానికి లేదు, ఫోనుకి మెడ కనపడదు. అప్పుడు నోరు తెరిచాడు. తెరిచి, "బాగానే ఉంది," అన్నాడు. ఎందుకన్నాడు? పిల్లకి సెలవు దొరకదని అనుకున్నాడు. బెంగపడుతుందని అనుకున్నాడు. ఇవన్నీ తరవాత అతికించుకున్న కారణాలు. చెబితే నిజమైపోతుందని భయం. చెప్పకపోతే ఇంకొంచెంసేపు ఆ నిజం, బిరడా వెనక నీళ్ళలా, లోపలే ఉంటుందని. ఆఖరి రోజుల్లో రత్నం ఊపిరి పీల్చుకునే చప్పుడు, ఒక్కో ఊపిరినీ వెతుక్కుని తెచ్చుకున్నట్టు, కార్బురేటరులో చెత్త పడిన బండిలా. బాగుచెయ్యలేకపోయాడు. కూతురొచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

చప్పుడు ఆగిపోయింది.

దోనె మీద నుంచి లేచాడు. గాలి ఇటు నుంచి అటు తిరిగింది, అందుకే అయుంటుంది. చెయ్యి చెవి వెనక పెట్టాడు. కొంగలు, జమ్ములో గాలి, ఎక్కడో చెరువు మీద డీజిలు ఇంజను టకటక. అది లేదు. లంక చేరి ఆపేసి ఉంటారు. ఇంత తొందరగానా? చేరే ఉంటారు, దుర్గాసాయి కుర్రతనం, గట్టిగా తొక్కుతాడు. గట్టిగా తొక్కొద్దని చెప్పలేదు.

"వచ్చేస్తారండీ, కంగారెందుకు," అన్నాడు ఫణికిరణ్. గొడుగు నీడన టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. "దుర్గాసాయికి ఫోను చేశానండీ, ఎత్తట్లేదు. ఆ ఫ్యాను హోరులో ఫోను కాదు కదా, పక్కన ఏనుగు అరిచినా వినపడదు. టీ తాగుతారా?"

తలూపాడు. టీ తీసుకుని తాగకుండా పట్టుకున్నాడు.

"ఇంజను భలే కుదిరిందండీ మేస్త్రీ గారూ. ఇదివరకటి కంటే మెల్లగా పోతున్నప్పుడు కాస్త మందంగా ఉంది గాని, వేగం పెరిగేకొద్దీ ఉంది చూడండీ, అబ్బా! పెళ్ళికొడుకు గుర్రమెక్కినట్టు లేచింది."

చెప్పొచ్చు ఇప్పుడు. బాబూ, ఒక దోనె పంపుదాం, ముందు జాగ్రత్తకి, రెండు క్యాన్లు నీళ్ళు వేసి పంపుదాం. దానికి ఎందుకు అంటాడు. ఎందుకో చెప్పాలి. టీ మీద మీగడ కట్టింది. గొంతులో మాట అక్కడి దాకా వచ్చింది, ఒట్టు, నాలిక మొదలు దాకా వచ్చింది. ఫణికిరణ్ ఫోను మోగింది, ఎవరితోనో మేత బస్తాల గురించి మాట్లాడుతూ గట్టు వెంట నడుచుకుంటూ పోయాడు. మాట వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినందుకు లోపలెక్కడో హాయిగా కూడా ఉంది. అదీ తెలిసింది. కూతురు నీళ్ళ మధ్య ఉంటే, ఒక మాట తప్పించుకున్నందుకు హాయి పడ్డాడు.

మళ్ళీ కూర్చున్నాడు. తొడ కింద దోనె చెక్కిన చోటు గరుకుగా తగిలింది. ఈ దోనె అడ్డుపట్టీ నుంచే కోశాడు ఆ తుమ్మముక్క. ట్యాపు లేదు, ఇత్తడి బిరడా పట్టదు, ఇంజనుకి ఒక బెజ్జం నోరు తెరుచుకుని ఉంది. చేతులకి తోచింది చేతులు చేశాయి. నాన్న చేసేవాడు అలా. తాటిమాను దోనెకి పురుగు పడి చిల్లు పడితే, ఎండిన తుమ్మచెక్కని చిల్లు కంటే వెంట్రుకవాసి లావుగా చెక్కి, కొట్టి, అంచు చదును చేసి నీళ్ళలోకి తోసేసేవాడు. చెక్క నీళ్ళు తాగుతుంది, తాగి ఉబ్బుతుంది, ఉబ్బి చిల్లుని పట్టేసుకుంటుంది. దోనె మానంతా పుచ్చిపోయినా ఆ బిరడా మాత్రం ఊడదు. నీటిని నీటితోనే ఆపాలిరా, అనేవాడు కాదు, ఏమీ అనేవాడు కాదు, నాన్న కూడా మాట్లాడేవాడు కాదు, చేసి చూపించి తల ఊపేవాడు. ఎలీయాజరు చిన్నప్పుడు ఈ కొల్లేట్లో తిరిగిన ప్రతి దోనెలోనూ నాన్న కొట్టిన తుమ్మ ఉంది. అందుకే పొద్దున ఆ బెజ్జం ఎదురుగా కూర్చున్నప్పుడు ఇంజను కనపడలేదు, దోనె కనపడింది. చెక్కాడు, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు, పైన బంక పులిమాడు, ప్యాకింగు వేసి కొత్త మేనిఫోల్డు బిగించాడు. ట్రయలుకే. ట్రయలు చూసి, మధ్యాహ్నం ట్యాపు తెప్పించి, ఇత్తడిది పెట్టేద్దామనే.

దోనెలో బిరడా ఒక్క వైపే నీటికి ఎదురు నిలబడుతుంది. అవతలి వైపు నీడ, చల్లదనం. ఇక్కడ? లోపల మరిగే నీళ్ళు, ఒత్తిడితో. అది మంచిదే, చెక్క ఉబ్బుతుంది. కాని ఈ రోటరీ ఇంజనుకి ఊపిరి తీసే గొట్టాలూ పొగ వదిలే గొట్టాలూ ఒకే వైపు, ఒకదాని కింద ఒకటి. మేనిఫోల్డు కిందే పొగగొట్టం, గట్టిగా తొక్కితే నిప్పుకణికలా ఎర్రబడుతుంది. చెక్క బయటి ముఖం సరిగ్గా దాని మీద. అటు నుంచి ఆరిపోతుంది, కుదించుకుపోతుంది, కాలుతుంది. లోపలి నుంచి నీళ్ళు పట్టుకోమంటాయి, బయటి నుంచి నిప్పు వదిలెయ్యమంటుంది. ఆ రెంటిలో ఏది ముందు గెలుస్తుందో పొద్దున ఆలోచించలేదా? ఆలోచించాడు. బంక పులుముతున్నప్పుడే ఆలోచించాడు. అందుకే ట్రయలుకే అనుకున్నాడు. నాన్నా, వెళ్ళచ్చా అన్నప్పుడు కూడా తెలుసు. తెలిసి ఊపాడు. ఇంతకాలానికి ఆ మాట అన్న పిల్లకి వద్దు అని చెప్పలేక, చెబితే ఆ కాలు నీళ్ళలోంచి తీసేసుకుని మళ్ళీ అటు తిరిగి వెళ్ళిపోతుందేమోనని. అదే, అంతే. ఆమె నోట ఆ పిలుపు నిలుపుకోవడానికి ఆమెనే పంపేశాడు.

నీళ్ళు పోతే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది. ఫ్యాను ఆగిపోతుంది. చుట్టూ గుర్రపుడెక్క, చేత్తో తెడ్డేస్తే కదలదు. పడవ మధ్యలో ఇందు అనే పిల్ల, ఎవరి పిల్లో, నొప్పులు పడుతూ. నెత్తిన ఎండ. విక్టోరియా మోకాళ్ళ మీద కూర్చుని, చేతులకి గ్లౌజులు వేసుకుని, దుర్గాసాయి వైపు చూసి, ఏమైంది అంటుంది. వాడు ఏమో సిస్టరు గారూ అంటాడు. అప్పుడు ఆమెకి తెలిసిపోతుంది. ఇంజను గురించి ఏమీ తెలియకపోయినా తెలిసిపోతుంది, మా నాన్న తలూపాడు అని.

ప్రభువా అనుకున్నాడు. ఆ తరవాత ఏమనాలో తెలియలేదు. ప్రార్థన కూడా అతను తలూపే చేస్తాడు, పాదిరిగారు చేస్తుంటే.

నీటి మీద నీడలు పొట్టివయ్యాయి. ఆసుపత్రి బండి వచ్చి గట్టు మీద ఆగింది, డ్రైవరు దిగి తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు. ఎలీయాజరు గడ చేతిలోకి తీసుకున్నాడు. దాని తడి ఆరిపోయింది. చెరువు కాపలా వాళ్ళ జోడుదోనెలు, రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టినవి, రేవులో ఊగుతున్నాయి. తానే వెళ్ళాలి. ఎవరికీ చెప్పక్కర్లేదు, తానే వెళ్ళి, చెప్పక్కర్లేకుండా — ఒక కాలు దోనెలో పెట్టాడు. అప్పుడు వినపడింది.

ముందు అరికాలికి వినపడింది, దోనె చెక్కలోంచి. తరవాత చెవికి. ఝుమ్మనే చప్పుడు కాదు, మందంగా, ఆగి ఆగి, దుర్గాసాయి సగం సగం తొక్కుతున్నట్టు. జమ్ము విడిపోయి పడవ ముక్కు కనపడింది. చాప మీద పడుకున్న పిల్ల, పక్కన మోకాళ్ళ మీద విక్టోరియా. ఫ్యాను ముందు నుంచి సన్నటి తెల్లటి ఆవిరి, అగరువత్తి పొగంత.

రేవులో తగలగానే జనం నీళ్ళలోకి దిగారు. ఇందుని చాపతో సహా ఎత్తి బండి ఎక్కించారు. ఆ పిల్ల అరుస్తూనే ఉంది, అరవగలుగుతోంది, ఊపిరి ఉంది. బండి ఏలూరు వైపు వెళ్ళిపోయింది. విక్టోరియా మోకాళ్ళ దాకా బురద, ముఖమంతా చెమట, కళ్ళు మెరుస్తున్నాయి.

"కొంచెం వేడెక్కిందండీ బాబాయ్, మెల్లగా తెచ్చాను," అన్నాడు దుర్గాసాయి.

"లంకలో అచ్చాయమ్మ గారికి ఇన్సులిన్ అయిపోయిందట," అంది విక్టోరియా, ఎవరితో అన్నట్టూ కాకుండా. ఆసుపత్రి బండిలో వచ్చిన ఐసు డబ్బా అందుకుని మూత సరిచేసింది. "చీకటి పడేలోగా అందితే చాలు. ఇప్పుడే వెళ్ళొచ్చేస్తాం." అప్పుడు అతని వైపు తిరిగింది. ఇదివరకటి కంటే మెత్తగా అంది. "వెళ్ళచ్చా, నాన్నా?"

మెడ కదిలింది. కదలడం అతనికి తెలిసింది, దాని పాటికి అది బయల్దేరింది. దాన్ని ఆపడానికి వేరే దారి లేక చేతులకి పని చెప్పాడు. పడవలోకి ఎక్కి, మేనిఫోల్డు కింద చెయ్యి దూర్చి, పట్టకారుతో అందుకుని లాగాడు. అంత లాగక్కర్లేకపోయింది. వచ్చేసింది. దాని వెనకే సలసల కాగే నీళ్ళు బుస్సుమని మణికట్టు మీద పడ్డాయి. ఫణికిరణ్ "అయ్యయ్యో!" అన్నాడు. పట్టకారులో తుమ్మముక్క. లోపలి సగం ఉబ్బి పాలిపోయింది, బయటి సగం బొగ్గు.

విక్టోరియా ఆలోచించలేదు, నర్సు చెయ్యి అది, అతని చెయ్యి పట్టుకుని కొల్లేటి నీళ్ళలో ముంచేసింది. ముంచి అలాగే పట్టుకుంది. కాలిన చోటు చుట్టూ ఆమె వేళ్ళు. తరవాత పట్టకారు వైపు చూసింది.

"ఏమిటది?"

"తుమ్మచెక్క."

"ఇంజన్లోనా? నా ఇంజన్లో చెక్కేంటండీ మేస్త్రీ గారూ!" ఫణికిరణ్ గొంతులో ఈసారి జోకు లేదు.

విక్టోరియా అతని మాట వినలేదు. "పొద్దున నేనడిగినప్పుడు ఇది ఉందని మీకు తెలుసా?"

తలూపాడు.

"తలూపకండి," అంది. గొంతు పెంచలేదు. "నోటితో చెప్పండి."

"తెలుసమ్మా."

"ఊడొస్తుందని కూడా?"

"తెలుసు."

నీళ్ళలోనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడిపోయాయి. చెయ్యి అతనిది అతనికి మిగిలింది. ఆమె ఒడ్డుకి ఎక్కి, సంచీ తీసి, మందు గొట్టం వెతికి, అతనికి కాక దుర్గాసాయికి అందించింది, రాయమని. "అమ్మకి కూడా ఇంతే చేశారు," అంది, అటు తిరిగి. "అప్పుడూ నేను అడిగాను."

అప్పుడతనికి చెప్పాలనిపించింది, నువ్వు నాన్నా అన్నావు అందుకని. అది నిజమే. కాని అది చెబితే ఆ తప్పులో సగం ఆమె ఒళ్ళో పెట్టినట్టు అవుతుంది. మింగేశాడు. మింగిన మాటల్లో మింగవలసింది అదొక్కటే.

విక్టోరియా ఐసు డబ్బా పట్టుకుని రేవులోకి నడిచింది. జోడుదోనెల దగ్గర ఆగింది. కాపలా మనిషి భోజనానికి వెళ్ళాడు. దుర్గాసాయికి దోనె నడపడం రాదు. గడ ఎలీయాజరు మళ్ళీ ఎడమ చేత్తో అందుకున్నాడు. ఆమె గడ వైపు చూసింది, దోనెల వైపు చూసింది, అతని వైపు మాత్రం చూడలేదు.

"దీనికెన్ని చిల్లులున్నాయి?" అంది.

అతను దోనెలోకి దిగి, వంగి, అరచేత్తో అడుగంతా తడిమాడు. తరవాత మొదలుపెట్టాడు. "ముందు వైపు ఒకటి ఉందమ్మా, నా పిడికిలంత, దానికి తుమ్మే కొట్టారు, పాతది, అది ఫరవాలేదు. వెనక చీలిక ఉంది, అక్కడి నుంచి ఊరుతుంది, వెళ్ళేలోగా రెండుసార్లు తోడాలి, ఆ డబ్బాతో నువ్వు తోడాల్సొస్తుంది. రెండు దోనెల్నీ కట్టిన తాడు పాతది, తాడు నేను మార్చలేను, కాలిన చేత్తో ముడి బిగించలేను. గడ నేనే వేస్తాను గాని ఇదివరకులా వెయ్యలేను, మధ్యలో ఆగుతాను. కుడి చెయ్యి మండుతోంది. గుర్రపుడెక్క దట్టంగా ఉంటే వెనక్కి తిరగాల్సొస్తుంది, తిరగాల్సొస్తే ముందే చెబుతాను. ఇంకా, ఎడమ పక్క అంచు పుచ్చింది, అక్కడ చెయ్యి ఆనించొద్దు..."

గట్టు మీద ఫణికిరణ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. విక్టోరియా ఇంకా దోనె ఎక్కలేదు. వింటోంది. అతను చెబుతూనే ఉన్నాడు.